పులుసులో బూడిద

దుర్గాభవాని ఆ వారం ఏడో తరగతికి భౌతిక మార్పులు, రసాయన మార్పులు చెబుతోంది. ఆ పాఠం ఆమెకు కొత్త కాదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఏటా చెబుతూనే ఉంది. పిల్లలు చెప్పే ఉదాహరణలు కూడా ఏటా అవే. ఐసు కరగడం, కాగితం చింపడం భౌతిక మార్పులు. కాగితం కాలడం, పాలు తోడుకోవడం, ఇనుము తుప్పు పట్టడం రసాయన మార్పులు. ఈసారి మాత్రం ఝాన్సీ అనే పిల్ల లేచి నిలబడింది.

"టీచర్, వెనక్కి తెస్తే వచ్చీది భౌతికం, రానిది రసాయనం అనీసి మా అన్నయ్య గైడులో ఉన్నాది. మరి కుండ పగిలిపోతే వెనక్కి రాదు కదా. అది రసాయన మార్పేనా?"

"పగలకముందు కుండ దేంతో చేసినది?"

"మట్టితో."

"పగిలాక పెంకు?"

"అదీ మట్టే."

"మరి కొత్తదేం పుట్టింది? వెనక్కి వస్తుందా రాదా అని చూడకు. కొత్త పదార్థం పుట్టిందా లేదా అని చూడు. పుడితే రసాయన మార్పు. పుట్టకపోతే, ఎన్ని ముక్కలైనా భౌతిక మార్పే."

పిల్ల తల ఊపి కూర్చుంది. దుర్గాభవాని బోర్డు తుడిచి, గంట కొట్టాక ఇంటికి బయలుదేరింది.

ఆమె ఉండేది మామిడివలసలో. గజపతినగరం నుంచి ఆటో ఎక్కితే పొలాల మధ్య దింపుతారు. హైస్కూలు పక్క ఊళ్లోనే. భర్త త్రినాథ్ పల్లంలో వరి, మెట్టలో నువ్వులు, గోగు వేస్తాడు. మామగారు పోయాక ఇంటికి పెద్ద అత్తగారు నారాయణమ్మ. కోడలు బడి నుంచి వచ్చేసరికి అన్నం వండి ఉంచేది. ఎవరైనా వస్తే "మా టీచరు" అని చూపించేది. అత్తాకోడళ్ల మధ్య గొప్ప అనురాగం ఉందని ఎవరూ అనలేదు గాని, మాటా మాటా పెరిగిన రోజు కూడా లేదు.

ఆ ఊరి రామకోవెలలో మాఘమాసంలో ఏకాహం జరుగుతుంది. ఒక పగలూ రాత్రీ ఆపకుండా భజన చేసి, మర్నాడు ఊరందరికీ సంతర్పణ పెడతారు. సరుకులు, పాత్రలు, వంట చూసుకునే వంతు ఏడాదికొక కుటుంబానిది. ఆ ఏడు వీళ్ల వంతు వచ్చింది. సంగతి తెలిసిన రోజే నారాయణమ్మ అటక మీది ఇత్తడి గుండిగని దింపించింది.

ఆ గుండిగని దింపడానికి నలుగురు మగాళ్లు కావలసి వచ్చారు. నారాయణమ్మ కాపరానికి వచ్చినప్పుడు ఆమె తండ్రి చీపురుపల్లిలో కొని ఎడ్లబండి మీద పంపించాడట. ఒకప్పుడు ఊళ్లో ఏ పెళ్లి జరిగినా పులుసు అందులోనే కాగేది. ఎండలు ముదిరే రోజుల్లో కళాయి వేసేవాళ్లు వచ్చి కోవెల పక్కన కొలిమి పెట్టేవారు. గుండిగని వేడి చేసి, తగరం కరిగించి, గుడ్డతో లోపలంతా పామితే ఇత్తడి పసుపు పోయి వెండిలా తెల్లబడేది. తర్వాత స్టీలు వచ్చింది, అద్దె సామాన్ల టెంటు హౌసులు వచ్చాయి, కళాయి వాళ్లు రావడం మానేశారు. గుండిగ అటకెక్కింది.

దుర్గాభవాని ఇంటికి వచ్చేసరికి నారాయణమ్మ చింతపండు, ఇటికపొడి ముందేసుకుని గుండిగలో సగందాకా వంగి తోముతోంది.

"సూడే భవానీ! ఎలాగ మెరిసిపోతందో! బంగారం కాదేటి?"

దుర్గాభవాని వంగి లోపలికి చూసింది. నిజంగానే మెరుస్తోంది. అంచు కింద ఒకటి రెండు చోట్ల తప్ప తెల్లటి పూత ఎక్కడా లేదు.

"అత్తా, దీని కళాయంతా పోయింది. ఇందులో పులుపు వండకూడదు."

"ఎందుకొండకూడదు? నీ పెళ్లిలో పులుసు ఇందులోనే కాగినాది."

"అప్పుడు కళాయి ఉంది. ఇప్పుడు లేదు. చింతపండు పులుసు ఒట్టి ఇత్తడిలో నిలవుంటే పచ్చటి కిలుం పుడుతుంది. అది కడుపులోకి వెళ్తే వాంతులు, విరోచనాలు. పిల్లలకైతే ఇంకా ప్రమాదం."

నారాయణమ్మ నడుం ఎత్తి నిలబడింది. చేతులకి ఎర్రటి ఇటికపొడి.

"కిలుం ఏదీ? ఉంటే సూపించు. రెండ్రోజుల్నుంచి తోముతన్నాను. మా అయ్య ఇచ్చిన గుండిగలో ఇసముందని ఊళ్లో సెప్తావేటి?"

"గుండిగలో లేదత్తా. పులుసు పోశాక పుడుతుంది."

ఈ మాట నారాయణమ్మకి అర్థం కాలేదు. లేనిది ఎలా పుడుతుందో ఆమెకు తోచలేదు. త్రినాథ్ పొలం నుంచి వచ్చి ఇద్దరి మధ్యా రాజీ కుదిర్చాడు. గుండిగలో అన్నం వండుతారు. పులుసుకి టెంటు హౌసు నుంచి పెద్ద స్టీలు డేగిసా తెస్తారు. అన్నానికైతే భయం లేదని దుర్గాభవాని ఒప్పుకుంది. గుండిగ పొయ్యెక్కితే చాలని నారాయణమ్మ ఒప్పుకుంది.

సంతర్పణ నాడు బడిలో పరీక్ష పడింది. పొద్దున్న పేపరు రాయించి మధ్యాహ్నానికి వచ్చేస్తానని దుర్గాభవాని చెప్పి వెళ్లింది. వంటవాడు సోములు. నారాయణమ్మకి వరసకి తమ్ముడు. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో ఏ పెళ్లికైనా, పెద్ద దినానికైనా అతన్నే పిలుస్తారు. తెల్లవారుజామునే గాడిపొయ్యి తవ్వి, గుమ్మడికాయ ముక్కలు, బెండకాయలు, ములక్కాడలు డేగిసాలో వేసి పులుసు ఎక్కించాడు. అది ఓ మాదిరిగా మరిగేసరికి పొయ్యిలో చుయ్యిమంది. డేగిసా అడుగున ఎప్పుడో వేసిన అతుకు ఊడి పులుసు కారుతోంది.

సోములు పరుగున నారాయణమ్మ దగ్గరికి వచ్చాడు. "అప్పా, డేగిసా కారిపోతన్నాది. ఏటి సెయ్యమంటావు?"

త్రినాథ్ విస్తరాకులు తేవడానికి గజపతినగరం వెళ్లాడు. నారాయణమ్మ ఆలోచించడానికి ఎంతోసేపు తీసుకోలేదు. "గుండిగలో పొయ్యి. అది పులుసు గుండిగే. అన్నం సిన్నవాటిల్లో ఇడతలు ఇడతలుగా ఒండు" అంది.

దుర్గాభవాని వచ్చేసరికి మొదటి బంతి కూర్చుంది. కోవెల ముందు షామియానా కింద విస్తళ్లు పరిచి పప్పు, కూర వడ్డిస్తున్నారు. ఆమె చెప్పులు విప్పి వంటల వైపు వెళ్లింది. గాడిపొయ్యి మీద గుండిగ కనిపించింది. పక్కన రెండు చిన్న గిన్నెల్లో అన్నం ఉడుకుతోంది. అప్పుడే ఆమెకు అర్థమైంది.

మూత తీసింది. పులుసు నిండుగా ఉంది, వాసన బాగుంది. పులుసు పొంగి దిగినచోట, అంచు కింద, సన్నటి గీతలా పచ్చదనం. వేలితో తాకి నాలిక చివర పెట్టుకుంది. పైసా బిళ్ల నోట్లో పెట్టుకున్నట్టయింది. పక్కకి ఉమ్మేసి, "సోములు మావా, ఇది ఎప్పుడు పోశావు?" అని అడిగింది.

"పొద్దున్నేనమ్మా. డేగిసా కారిపోనాది. మీ అత్తే పొయ్యమన్నాది."

"ఎవరికైనా వడ్డించారా?"

"నేదు, ఇదిగో ఇప్పుడే తీస్తన్నారు."

"వడ్డించొద్దు."

బకెట్లు పట్టుకుని వచ్చిన కుర్రాళ్లు ఆగారు. కోవెల పెద్ద గంగరాజు, పంచె ఎగ్గట్టుకుని, ఏం జరుగుతోందో చూడడానికి వచ్చాడు. ఊళ్లో ఆయన మాటంటే గౌరవం. దుర్గాభవాని ఆయనకి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన ఓపిగ్గానే విన్నాడు.

"సూడమ్మా, రాములోరికి నైవేద్యం అయిపోనాది. జనం ఇస్తళ్ల ముందు కూకున్నారు. మా తాతల నాటి నుంచీ ఇత్తడిలోనే తిన్నాం. ఎవుడూ సావలేదు."

"అప్పుడు కళాయి ఉండేది, పెదనాన్నా. పచ్చగా ఉన్నది ఇక్కడ చూడండి."

గంగరాజు చూశాడు. ఆయనకి అది కరివేపాకు మరకలా కనిపించింది. "ఇంత పులుసులో ఇంత సిన్న మరక! ఒడ్డించండ్రా" అన్నాడు.

నారాయణమ్మ అక్కడే ఉంది. ఆమె ముఖం ఎర్రబడింది. "భవానీ, ఇంటికి పద. పదిమందిలో నా పరువు తియ్యకు" అంది మెల్లగా.

ఒక కుర్రాడు గరిటెతో బకెట్లోకి పులుసు తోడడం మొదలుపెట్టాడు. షామియానా కింద ముందు వరసలో చిన్నపిల్లలు కూర్చున్నారు. వాళ్లలో సగం మంది ఆమె దగ్గర చదువుకునేవాళ్లే. దుర్గాభవాని గుండిగని కదపలేదు, అది ఆమె వల్ల అయ్యే పని కాదు. గాడిపొయ్యి పక్కన పార ఉంది. పొయ్యిలోంచి బూడిద పారతో ఎత్తి గుండిగలో పోసింది. ఇంకో పార ఎత్తి బకెట్లో పోసింది.

భజన మైకులో ఎవరో గొంతు సవరించుకోవడం వినిపించింది. తర్వాత ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. సోములు తలమీద చేతులు పెట్టుకుని కింద కూర్చున్నాడు. నారాయణమ్మ కొంగు నోటికి అడ్డంపెట్టుకుని ఇంటివైపు నడిచింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

జనం పప్పు, కూర, మజ్జిగతో తిని లేచారు. బంతిలో కూర్చున్నవాళ్లకి ఎవరికీ ఏమీ కాలేదు. అదే దుర్గాభవానికి వచ్చిన చిక్కు. పులుసు తిని పదిమంది పడిపోయి ఉంటే ఆమె మాట నిజమని తెలిసేది. ఎవరూ తినలేదు కాబట్టి ఎవరూ పడలేదు. పడలేదు కాబట్టి ఆమె దేవుడి ప్రసాదంలో ఊరికే బూడిద పోసినట్టయింది. ఈ సంగతి ఆమెకు ఆ సాయంత్రమే అర్థమైంది. దాని మీద కోపం తెచ్చుకోవడానికి ఆమెకు ఎవరూ దొరకలేదు.

త్రినాథ్ రాత్రి భోజనం దగ్గర మాత్రం ఒక మాట అన్నాడు. "నువ్వు సెప్పింది నిజమే అయ్యుంటాది. అయినా బూడిద ఏటి భవానీ? ఇంకోలా ఆపలేకపోనావా?"

"ఇంకోలా ఆపడానికి చూశాను, బావా. ఆగలేదు."

నారాయణమ్మ అసలు మాట్లాడడమే మానేసింది. అన్నం వండి ఉంచేది, కంచం పెట్టేది, కోడలి వైపు చూసేది కాదు. వీధిలో ఆడవాళ్లు దుర్గాభవాని కనిపిస్తే మాటలు ఆపేసేవారు. బూడిద టీచరమ్మ అనే పేరు పక్క ఊరి దాకా వెళ్లింది. ఒక్కోసారి ఆమెకే అనుమానం వచ్చేది. ఆ పులుసు ఒక్కొక్కరి విస్తట్లో పడేది గరిటెడు. అంతలో అంత కిలుం ఉండేదా? ఉన్నా ఏమీ అయ్యేది కాదేమో. లెక్క కట్టడానికి ఆమె దగ్గర పులుసూ లేదు, పరికరాలూ లేవు.

కొన్నాళ్లకి, ఆమె బడి నుంచి గట్టు వెంట నడిచి వస్తుంటే సోములు భార్య లక్ష్మణమ్మ ఎదురైంది. గడ్డిమోపు దింపి, అటూ ఇటూ చూసింది.

"టీచరమ్మా, నీకు ఒక సంగతి సెప్పాల. ఎవురితోనీ అననని మాటియ్యి."

"ఏంటత్తా?"

"మా ఆయన ఆరోజు పొద్దున్నే సద్దన్నంలో ఆ గుండిగ పులుసు పోసుకుని తినీసినాడు. ఉప్పు సూస్తూ మరో నాలుగు గరిటెలు తాగినాడు. సాయంత్రానికి వాంతులు మొదలయినాయి. పేగులు బయటికొచ్చీసినాయనుకో. మర్నాడు ఆసుపత్రిలో సెలైను ఎక్కించినారు. కల్లు ఎక్కువై పడున్నాడని నానే ఊళ్లో సెప్పినాను."

"ఎందుకలా చెప్పావు?"

"ఏటి సెప్పమంటావు? సోములు ఒండిన పులుసు తిని సోములే పడిపోనాడంటే రేపు ఎవులు పిలుస్తారు? వచ్చీది పెళ్లిళ్ల నెల." లక్ష్మణమ్మ కళ్లు తుడుచుకుంది. "నిన్ను అందరూ ఒక మాటంటంటే నాకు కూడు దిగడం నేదు. అందుకు సెప్పీసినాను. ఇంక నీ ఇష్టం."

ఆ మర్నాడు దుర్గాభవాని సోములు ఇంటికి వెళ్లింది. అతను అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు. ఆమెను చూసి లేవబోతే వద్దంది.

"అంత మెరిసింది కదమ్మా" అన్నాడు. "మురికుంటే నానే పొయ్యనిద్దునా?"

"మెరిసిందంటే ఒట్టి ఇత్తడి బయటపడిందన్నమాట, మావా. తగరం పూత ఉన్నన్నాళ్లూ పులుపు ఇత్తడిని తాకలేదు. అది అరిగిపోయాక తాకింది. ఆ రెండూ కలిస్తే ఇత్తడీ కాదు, చింతపండూ కాదు, మూడోది పుడుతుంది."

"మరిగించినాను కదా. తెగ మరిగించినాను. మరిగితే ఏ ఇసమైనా సచ్చిపోద్దనుకున్నాను."

"పురుగైతే చస్తుంది. ఇది పురుగు కాదు. వేడికి ఇంకా తొందరగా పుడుతుంది. వడగట్టినా పోదు, నీళ్లు కలిపినా పోదు."

సోములు తల దించుకుని విన్నాడు. "మరి కళాయి ఏసినప్పుడు తగరం కరిగిపోద్ది కదా, దాంట్లో ఏటీ పుట్టదా?"

"పుట్టదు. కరిగింది చల్లారితే మళ్లీ తగరమే. రూపం మారింది, అంతే."

అతను ఊఁ అన్నాడు. ఆమె వెళ్లబోతుంటే, "ఎవులికైనా సెప్తావా?" అని అడిగాడు.

"చెప్పను" అంది దుర్గాభవాని. అప్పటికి ఆ మాట ఆమెకు పెద్ద బరువనిపించలేదు.

బరువు తర్వాతి సోమవారం తెలిసింది. కోవెల అరుగు మీద పెద్దలు కూర్చుని ఆమెను పిలిపించారు. త్రినాథ్, నారాయణమ్మ కూడా వచ్చారు. వంటవాడు కాబట్టి సోములునీ రమ్మన్నారు. అతను స్తంభం పక్కన నిలబడ్డాడు. గంగరాజు గొంతులో కోపం లేదు.

"అమ్మా, నువ్వు సదువుకున్నదానివి. మా పిల్లలకి సదువు సెప్తన్నావు. రాములోరి ప్రసాదంలో బూడిద పోసినావు. తప్పయిపోనాదని ఒక దీపం పెట్టీసెయ్యి. ఇక్కడితో సరి."

"బూడిద పోసింది తప్పే. దానికి దీపం పెట్టమంటే పెడతాను. పులుసు ఆపింది తప్పని మాత్రం నేను అనలేను."

"మరి ఇసమని నువ్వే కదా అన్నావు. రుజువేటి? ఎవులికైనా ఏటైనా అయినాదా?"

దుర్గాభవాని సోములు వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించింది. అతను కాలి బొటనవేలితో నేల రాస్తున్నాడు. ఒక్క మాట అంటే చాలు. ఆసుపత్రి పేరు చెబితే చాలు. ఊరంతా ఆ క్షణంలోనే ఆమె వైపు తిరుగుతుంది. ఆ తర్వాత సోములుని ఏ పెళ్లికీ పిలవరు. సోములు తనంతట తాను చెబుతాడేమోనని కాస్త ఆగింది. అతను చెప్పలేదు.

"నా దగ్గర రుజువు లేదు" అంది.

పిల్లలకి ప్రతి ఏడూ కళ్లతో చూసిందే రాయమని చెప్పే మనిషి. ఆ అబద్ధం నోట్లోంచి వచ్చాక కూడా ఆమెకు వింతగానే ఉంది.

"అయితే మీ వంతు ఇంక మీకొద్దులే. పక్కోళ్లకి ఇచ్చీద్దుం" అన్నాడు గంగరాజు.

నారాయణమ్మ లేచి వెళ్లిపోయింది. దుర్గాభవాని కోవెల్లో దీపం పెట్టి ఇంటికి వచ్చింది.

ఆ వారంలోనే ఆమె అత్తగారిని ఒక వస్తువు అడగవలసి వచ్చింది. చాలా రోజుల తర్వాత ఇద్దరి మధ్యా అదే మొదటి మాట.

"అత్తా, నీ ఇత్తడి చెంబు ఒకసారి ఇస్తావా? బడికి తీసుకెళ్తాను."

"ఏటికి?"

"పిల్లలకి చూపించడానికి."

నారాయణమ్మ చెంబు తెచ్చి కోడలి ముందు పెట్టింది. దుర్గాభవాని తరగతిలో చెంబులో సగానికి, స్టీలు గ్లాసులో సగానికి చింతపండు రసం పోసి కిటికీలో ఉంచింది. మర్నాటికి గ్లాసు అలాగే ఉంది. చెంబులో రసం అంచు వెంట చుట్టూ పచ్చటి పొక్కు కట్టింది. పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు పడి చూశారు. ఝాన్సీ గొంతు తగ్గించి, "టీచర్, ఆరోజు గుండిగలో మీకు కనపడింది ఇదేనా?" అని అడిగింది. ఇదేనని ఆమె చెప్పింది. రసం పారబోసి, చెంబు తళతళలాడేలా తోమి ఇంటికి పట్టుకెళ్లింది.

నారాయణమ్మ చెంబు అందుకుని లోపలికి చూసింది.

"సూపించినావా?"

"చూపించాను."

"ఏటయినాది?"

"పచ్చగా అయింది."

ముసలావిడ చెంబుని చేతిలో అటూ ఇటూ తిప్పింది. "నాకు సూపించకుండా తోమీసినావేటి?" అంది.

ఊరంతటికీ చెప్పాలని చూసిందే గాని, ఇంట్లో మనిషికి కళ్లారా చూపించాలని దుర్గాభవానికి తట్టనేలేదు. నారాయణమ్మ వంటింట్లోకి వెళ్లి చింతపండు నానేసి, పిసికి, చెంబులో పోసి గూట్లో పెట్టింది. పొద్దున్న లేవగానే, ముఖం కూడా కడుక్కోకుండా, చెంబు వాకిట్లోకి తెచ్చింది. ఎండ పడేలా వంచి చూసింది. పచ్చటి పొక్కుని గోటితో గీకింది. వేలు నోటి దగ్గరికి వెళ్తుంటే దుర్గాభవాని చెయ్యి పట్టుకుంది.

"రాత్రి ఇది నేదు. తోమీసినట్టే ఉన్నాది" అంది నారాయణమ్మ.

"లేదు. ఇప్పుడు పుట్టింది."

నారాయణమ్మ గుమ్మంలో కూర్చుంది. "సోములుకి అయినాది ఇదే" అంది.

దుర్గాభవాని ఆమె వైపు చూసింది.

"నాకు తెలుసే. ఆ సాయంత్రం గంజి పట్టుకెల్లినాను. ఆడు వాంతులు సేసుకుంటన్నాడు. కల్లు తాగినాడని లక్ష్మణమ్మ సెప్పింది. కల్లేనని నానూ అనుకున్నాను. మరోటి అనుకుంటే, గుండిగలో పొయ్యమన్నది నానే కదా." పొక్కు గీకిన గోరు కొంగుకి తుడుచుకుంది. "కోవెల కాడ ఆడి గురించి నువ్వు ఒక్క మాట అనలేదు. నీకు తెలుసని నీ మొకం సూస్తే తెలిసిపోనాది. అక్కడ కూకోలేక లేచొచ్చీసినాను."

ఏడవడం, దగ్గరికి తీసుకోవడం లాంటివి ఆ ఇంట్లో అలవాటు లేవు. దుర్గాభవాని బడికి టైమవుతోందని లేచింది.

ఆమె సాయంత్రం వచ్చేసరికి నారాయణమ్మ ఇంట్లో లేదు. చెంబు కొంగు కింద పెట్టుకుని గంగరాజు ఇంటికి వెళ్లిందని త్రినాథ్ చెప్పాడు. అక్కడ ఏం జరిగిందో తర్వాత గంగరాజు కోడలి ద్వారా తెలిసింది. నారాయణమ్మ చెంబు ఆయన ముందు పెట్టి, "గుండిగలో పులుసు పొయ్యమన్నది నాను. నా కోడలు వొద్దన్నా ఇనలేదు. దీపం పెట్టాల్సింది నాను, అది కాదు" అందట. సోములు పేరు ఎత్తలేదు. గంగరాజు చెంబులోకి చూసి, తన ఇంట్లో అన్నాళ్లూ మజ్జిగ పోసి ఉంచుతున్న ఇత్తడి గిన్నె తెప్పించి, కోడల్ని పిలిచి దాన్ని పక్కన పెట్టెయ్యమన్నాడట. వంతు సంగతి మాత్రం పెద్దలందరూ అనుకున్న మాట కాబట్టి ఆయన ఒక్కడూ మార్చలేనన్నాడు. అది మారడానికి మరో రెండు ఏకాహాలు పట్టింది.

త్రినాథ్ విజయనగరంలో వాకబు చేశాడు. కళాయి వేసే ముసలాయన ఒకడు ఇంకా ఉన్నాడని తెలిసింది. గుండిగని ట్రాక్టరు మీద ఎక్కించారు. నారాయణమ్మ కూడా పక్కన కూర్చుని బయలుదేరింది. "ఇజీనారంలో నన్ను మోసం సెయ్యకుండా దగ్గరుండి ఏయించుకుంటాను" అంది.

పెళ్లిళ్ల నెలలో సోములుని అందరూ ఎప్పటిలాగే పిలిచారు. అతను వెళ్లిన ఇంట ఎవరైనా ఇత్తడి గిన్నె ఇస్తే ముందు లోపల చెయ్యి పెట్టి తడిమేవాడు. ఇత్తడి పసుపు కనిపిస్తే, "ఇందులో పులుసు నాను సెయ్యను, ఏరేది తెండి" అనేవాడు. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. తోటి వంటవాళ్లు కూడా అతన్ని చూసి మెల్లగా అదే పద్ధతి పట్టారు. దుర్గాభవానికి అతను ఎప్పుడూ కృతజ్ఞతలు చెప్పలేదు. ఎదురైతే మాత్రం ఆగి, పిల్లలు బాగా చదువుతున్నారా అని అడిగి వెళ్లేవాడు.

బూడిద టీచరమ్మ అనే పేరు మాత్రం పోలేదు. కొత్తగా ఆరో తరగతిలో చేరిన పిల్లలు ఆ పేరు వినే వస్తారు. కొంతమంది ధైర్యం చేసి అడుగుతారు కూడా. అప్పుడు ఆమె కోప్పడదు. గుండిగ సంగతి, పులుపు సంగతి చెబుతుంది. ఎవరికైనా జబ్బు చేసిందా టీచర్ అని అడిగితే, "వడ్డించలేదు కదా" అని చెప్పి పాఠంలోకి వెళ్లిపోతుంది.